మబ్బు మీద సున్నం

మీలో ఎవరైనా ఎప్పుడైనా రాజ్యం ఏలారా? నేను ఏలాను. పదిహేడేళ్ళు. కిరీటం లేదు, సైన్యం లేదు, ఉన్న ఒక్క సింహాసనానికీ, అంటే ఇంట్లో నా కుర్చీకి, ఒక కాలు పొట్టి, దాని కింద అట్టముక్క మడిచి పెట్టాలి. అయినా రాజునే. హైస్కూల్లో చదివేటప్పుడు నాటకంలో రాజు వేషం కట్టింది నేనేనని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అందరూ అంటే ఇద్దరు. మా ఆవిడ, మా అమ్మడు.

ఆ వేషం నేను కట్టలేదన్న సంగతి మాత్రం ఒక్కడికే తెలుసని నా నమ్మకం. ఆ ఒక్కడూ కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకుని, ఊళ్ళో వాళ్ళందరి చూపూ సరిచేస్తూ బతుకుతున్నాడు. అంటే నేనే.

అసలు సంగతి చెప్పాలంటే ముందు మా బడి చెప్పాలి. లెక్కలూ సైన్సూ చెప్పే పెద్ద మేడ వెనక, రేకుల కప్పు కింద వరసగా నాలుగు గదులుండేవి. సంగీతం, బొమ్మలు, మట్టిపని, నాటకం. మధ్యలో గోడలున్నాయని పేరే గానీ అవి పైకప్పు దాకా పోయేవి కావు. అందుకని సంగీతం గదిలో ఎవరి సరిగమైనా పక్కదారి పడితే మట్టిపని గదిలో కుండకు వంకర వచ్చేది. మా నాటకంలో ఎవరైనా చచ్చిపోతే బొమ్మల గదిలో పిల్లలు కుంచెలు పక్కన పెట్టి, తిరిగి లేచాడో లేదో వినేవాళ్ళు. వారంలో రెండు మధ్యాహ్నాలు ఆ గదుల్లో గడిపేవాళ్ళం. మిగతా వారమంతా ఆ రెండు మధ్యాహ్నాల కోసం బతికేవాళ్ళం. బొమ్మల రంగుల్లో కలిపే లిన్సీడు నూనె వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలిందంటే నాకు ఇంగ్లీషు వ్యాకరణం క్లాసు ఎగ్గొట్టినంత హాయిగా ఉంటుంది.

మా నాటకాల మాస్టారిని గొంతు మాస్టారు అనేవాళ్ళం. ఆయన గుసగుసలాడితే ఆఖరి బెంచీకి వినబడేది, అరిస్తే హెడ్మాస్టరు గదిలో గడియారం ఆగేది. ఆయన మొదటి రోజే మా అందరి చేతా తలో మాటా చెప్పించాడు. నా వంతు వచ్చింది. "ఎవరక్కడ?" అనాలి. నేను అన్నాను. ఎవరికీ వినబడలేదు.

"మళ్ళీ అను."

అన్నాను.

"పెదాలు కదుల్తున్నాయి, మంచిదే," అన్నాడాయన. "నీకు గొంతు లేకపోతే ఏం, చేతులున్నాయిగా. ఇలా రా."

తీసుకెళ్ళి రంగస్థలం పక్కన వేలాడుతున్న రేకు ముందు నిలబెట్టాడు. మనిషెత్తు పల్చటి ఇనుపరేకు. పైన రెండు చిల్లులు, ఆ చిల్లుల్లోంచి తాడు. కింది అంచు రెండు చేతులా పట్టుకుని ఊపితే పిడుగు. మెల్లగా, బొటనవేళ్ళతో వణికిస్తే ఎక్కడో పొలాల అవతల ఉరిమినట్టుంటుంది. మోకాలు ఆనించి ఒక్కసారి విరిచి వదిలితే పెరట్లో పడినట్టుంటుంది. ఆ రోజు నేను ఒక్క ఊపు ఊపాను. మూడు గదుల్లో పని ఆగిపోయింది. మట్టిపని గదిలో ఎవరో "బట్టలు తీయండ్రోయ్, వానొస్తోంది" అని కేకేశారు.

పద్నాలుగేళ్ళు ఎవరికీ వినబడని వాడికి అది ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఆ రోజు నుంచి నా పేరు రేకు.

మరి ఇంత గొప్ప పదవి ఉండగా రాజునని ఎందుకు చెప్పుకున్నావయ్యా అంటారా? పెళ్ళికి ముందు మా ఆవిడతో మొదటిసారి మాట్లాడిన రోజు. ఎదురుగా కూర్చుంది. నాకు నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"బళ్ళో ఏం చేసేవారు?" అంది.

"నాటకాలు."

"ఏం వేషం?"

రేకు అని చెప్పబోయిన నోరేనండీ అది. ఎలా తిరిగిందో, "రాజు" అంది.

ఆ అమ్మాయి ఒకసారి పైకి, ఇంటికప్పు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ తర్వాత చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నా రాజసం చూసి మురిసిపోయిందనుకున్నాను. ఆడిన అబద్ధానికి అంత అందమైన నవ్వు కూలిగా దొరికితే ఎవడు మాత్రం వెనక్కి తీసుకుంటాడు?

అబద్ధం కూడా పాదులో వేసిన సొరతీగ లాంటిదే. రోజూ చెంబెడు నీళ్ళు పోస్తే ఇంటికప్పెక్కుతుంది. మొదటి ఏడు వట్టి రాజుని. అమ్మడు పుట్టేసరికి కత్తి వచ్చింది. అమ్మడికి మాటలొచ్చేసరికి గుర్రం కూడా వచ్చింది. ఆ చిన్న స్టేజి మీద గుర్రం ఎక్కడ నిలబడిందని మా ఆవిడ ఒకసారి అడిగింది.

"పక్కకు తిరిగి నిలబడింది," అన్నాను.

"ఓహో," అంది.

మా ఆవిడ సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తుంది. ఊరికి ఊరు గీసేయగలదు. గుర్రం మాత్రం ఎక్కడ పెట్టాలో ఆమెకు పాలుపోలేదు కాబోలు అనుకున్నాను.

ఇలా సుఖంగా ఏలుకుంటుండగా అమ్మడు తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. నేను చదివిన బడే. తొమ్మిదిలో ఆ నాలుగు గదుల్లో ఒకటి ఎంచుకోవాలి. చేర్పించే రోజు ముగ్గురం వెళ్ళాం. నేను దారి వెతుక్కుంటుంటే మా ఆవిడ ఎవర్నీ అడక్కుండా చకచకా పెద్ద మేడ వెనక్కి నడిచేసింది. బోర్డు చూసిందనుకున్నాను.

"నాటకం తీసుకో," అన్నాను అమ్మడితో. "రాజు కూతురివి."

"నాన్నా, నలుగురిలో నిలబడితే నాకు గొంతు పూడుకుపోతుంది."

"మన వంశంలో అలాంటి జబ్బు లేదమ్మా," అన్నాను. మా ఆవిడకు దగ్గొచ్చింది.

పిల్ల నా మాట కాదనలేక చేరింది. రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం సాయంత్రం అన్నాలు తింటుండగా బాంబు పడేసింది.

"నాన్నా, మా టీచరమ్మ ఈ ఏడు పాత నాటకమే మళ్ళీ వేయిస్తోంది. మీ నాటకమే! అడవి తెర సామాన్ల గదిలోంచి తీస్తున్నాం."

"ఇంకా ఉందా అది!" అన్నాను. నిజంగానే గుండె కాస్త కరిగింది. చెట్లూ, చెట్ల పైన ఇంతెత్తు నల్ల మబ్బూ ఉన్న గుడ్డ తెర.

"ఉంది. శనివారం తల్లిదండ్రుల్ని పిలిచి, తెర వెనక్కి తిప్పి, వెనక రాసిందంతా చదువుతారట. ఎవరు చదువుతారంటే ఎవరూ ముందుకు రాలేదు. నేనిచ్చాను పేరు."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ తెర వెనక ఏముందో మీకు చెప్పలేదు కదూ. గొంతు మాస్టారి పద్ధతి అది. నాటకం అయిపోగానే తెర తిప్పించి, పని చేసిన ప్రతివాడి చేతా సొంత చేతిరాతతో ఒక్క వాక్యం రాయించేవాడు. పేరు రాయకూడదు, పని రాయాలి. "పేరు మీ నాన్న పెట్టాడు, పని నువ్వు చేశావు" అనేవాడు. నా కోడికాళ్ళ రాత లోకంలో ఇంకెవరికీ లేదు. అమ్మడు కళ్ళు మూసుకుని కూడా గుర్తుపడుతుంది.

"నీకు నలుగురిలో గొంతు పూడుకుపోతుందిగా తల్లీ, ఎందుకొచ్చిన తంటా?" అన్నాను.

"పూడుకుపోతుంది. కానీ అక్కడ రాసింది మా నాన్న కదా, చదవగలనేమో అనిపించింది."

ఆ ముద్ద తిరిగి కంచంలోకే పోయింది. అమ్మడి ముందు నా మొహం ఉంటుందా, ఊడుతుందా? తేలేది శనివారం. ఉన్నది రెండు రోజులు.

గురువారం మధ్యాహ్నం దుకాణం మూసి ఇంటికొచ్చాను.

"బడికి వెళ్ళొస్తాను," అన్నాను మా ఆవిడతో. ఆమెకా రోజు ఆఫీసు లేదు. "పిల్లల కళ్ళు పరీక్ష చేయాలి."

"వెళ్ళండి, మంచిదే."

"ఊరికే, సేవ."

"కాదన్నానా?" అంటూ లోపలికెళ్ళి, కాలరు చిరిగిన పాత చొక్కా తెచ్చి చేతికిచ్చింది. "ఇది వేసుకోండి. మంచి చొక్కా పాడైపోద్ది."

కళ్ళు పరీక్షించేవాడి చొక్కా ఎలా పాడవుతుందని నాకు తట్టలేదు. నా భార్య ఎంత పొదుపరో అనుకుంటూ వేసుకుని బయల్దేరాను. సంచిలో దుకాణం గోడకు వేయించగా మిగిలిన సున్నం డబ్బా, ఒక కుంచె.

బడిలో తాళాలాయన ఇంకా ఉన్నాడు. మా రోజుల్లో తాళాలగుత్తి ఆయన నడుముకు వేలాడేది, ఇప్పుడు గుత్తికే ఆయన వేలాడుతున్నాడు. చూపు ఆనదు. "సామాన్ల గది చూడాలి తాతా" అంటే మరమ్మతు వాడిననుకుని తలుపు తీసి వెళ్ళిపోయాడు.

లోపల అడుగుపెట్టానో లేదో, అదే వాసన. గోడవారగా అట్టకత్తులు, తల ఊడిన అట్టసింహం, గొంతు మాస్టారు కూర్చునే మూడుకాళ్ళ పీట. తెర కర్రబద్దలకు బిగించి గోడకు ఆనించి ఉంది. వెనక వైపు నాకేసే ఉంది. ఎన్ని చేతిరాతలో! నేనవేవీ చదవలేదు. దొంగ తన జాడ చూసుకుంటాడా, పక్కవాడి ముగ్గు చూస్తాడా? మధ్యలో నా కోడికాళ్ళు కనబడ్డాయి. సున్నంలో కుంచె ముంచి, అడ్డంగా ఒకటే ఈడ్పు. నా వాక్యం పోయింది. కుంచె వెడల్పుది, కింద ఎవరిదో గుండ్రటి రాత ఒకటి ఉంటే దానితోపాటు అదీ పోయింది. పోతే పోయింది, ఎవరిదో ఏమో అనుకున్నాను.

పని అయిపోయింది. అప్పుడే తిరిగొచ్చేస్తే ఈ కథ లేదు. మూలన చూద్దును కదా, రేకు! అదే రేకు. అంచులు తుప్పు పట్టాయి, తాడు మార్చారు, అంతే. నా బొటనవేళ్ళు పెట్టే చోట రెండు చిన్న సొట్టలుండేవి. వేళ్ళు పెట్టి చూశాను. వేళ్ళు లావయ్యాయి గానీ సొట్టలు నన్ను మర్చిపోలేదు.

మెల్లగా ఒక్కసారి, పొలాల అవతల ఉరుము, చాలనుకున్నాను. కానీ చేతులకు వయసు తెలియదు. మోకాలు దానంతటదే ఆనింది.

ఢమాల్!

పక్కగదిలో వయొలిన్లు ఒక్కసారిగా కీచుమని ఆగాయి. ఏదో కుండ పడి పగిలింది. బయట ఎవరో కిటికీలు మూస్తున్నారు. ఆ వెనకే గలగలమని తాళాలు, వాటి వెనక తాత, ఆనని కళ్ళు ఇంతింత చేసుకుని, "రేకు బాబూ! ఆ విరుపు నీదే! నువ్వేనా!" అని కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చాడు. ఆయన వెనక టీచరమ్మ. ఆమె వెనక తొమ్మిదో తరగతి మొత్తం. అందులో మా అమ్మడు.

"ఎవరండీ మీరు?" అంది టీచరమ్మ.

"పిల్లల కళ్ళు పరీక్ష చేయడానికి వచ్చానండీ."

"సామాన్ల గదిలోనా?"

"చీకట్లో చూపు ఎలా ఉందోనని..."

తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నవాడు నాకు దూరపు చుట్టమయ్యుంటాడు.

"ఎవరో సున్నం వేశారు!" అని ఒక పిల్ల అరిచింది. నా చెయ్యి గబుక్కున భుజం తడుముకుంది. గుమ్మడికాయల దొంగ సామెత వినే ఉంటారు. నా భుజం మీద నిజంగానే ఇంత సున్నముంది.

అయితే ఆ పిల్ల చూస్తున్నది నన్ను కాదు, తెర ముందువైపు. పల్చటి సున్నం గుడ్డలోంచి అవతలికి ఇంకిపోయి, నల్ల మబ్బు నడిమధ్యన బారెడు తెల్లమచ్చ తేలింది. వాన కురవాల్సిన చోట పొద్దు పొడిచింది.

అమ్మడు మచ్చ వైపు చూసింది. నా వైపు చూసింది. రేకు వైపు చూసింది. గిరుక్కున తిరిగి క్లాసుకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక మా ఆవిడకు సగం చెప్పాను. తెర పాడైందని చెప్పాను, ఎందుకో చెప్పలేదు.

"సున్నం ఎందుకు తీసుకెళ్ళారు?"

"శుభ్రం చేద్దామని."

"పిల్లల కళ్ళా?"

ఆమె నిట్టూర్చి, బీరువా మీది నుంచి ఎప్పుడూ తెరవని ఒక రేకుపెట్టె దించింది. దాంట్లో కుంచెలు. "రేపు మధ్యాహ్నం సెలవు పెడతాను. నిచ్చెన పట్టుకోడానికి మీరు రండి. అంతకు మించి ఏదీ ముట్టుకోకండి," అంది.

శుక్రవారం నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆమె పైకెక్కి రంగు కలిపింది. నలుపు, అందులో కాస్త నీలం, ఆఖరున ఒక్క చిటికెడు ఇటుకరంగు.

"మబ్బులో ఎరుపెందుకు?" అన్నాను కింది నుంచి.

"ఒట్టి నలుపేస్తే మబ్బు మసిగుడ్డలా ఉంటుంది. ఎరుపు పడితేనే లోపల నిప్పున్నట్టుంటుంది."

కుంచె అలవాటైన దారిలో పోతున్నట్టు పోతోంది. చూస్తుండగా పాత మబ్బుకూ కొత్త మబ్బుకూ అతుకు లేకుండా పోయింది.

"అచ్చం ముందున్నట్టే వేశావే! నీకెలా తెలుసు?"

"ముందు వేసింది కూడా నేనే కాబట్టి."

నిచ్చెన కదిలింది. "నిచ్చెన!" అంది పై నుంచి. గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వు... ఈ బళ్ళోనా?"

"మా నాన్నది బదిలీల ఉద్యోగం, ఏడు బళ్ళు మారానని చెప్పాను కదండీ."

"చెప్పావు."

"ఏ ఏడు బళ్ళో మీరడిగారా?"

పదిహేడేళ్ళండీ! గుర్రాన్ని పక్కకు తిప్పి నిలబెట్టే తీరిక ఉంది గానీ, ఆ ఒక్క ప్రశ్న అడిగే తీరిక లేకపోయింది.

"తొమ్మిదో తరగతి ఇక్కడే, బొమ్మల గదిలో," అంది ఆమె కుంచె ఆపకుండా. "నాటకం రోజు ఫ్యాను గాలికి తెర ఊగకుండా కింద అంచు పట్టుకుని కూర్చోమన్నారు. మీకు నాలుగడుగుల దూరంలో. రాజు రాణి చెయ్యి పట్టుకుని, 'నేను పలికేదంతా సత్యం' అన్నాడు. అప్పుడు మీ మెడ మీద దోమ వాలింది."

గుర్తొచ్చింది. ఎందుకు గుర్తుండదు? దోమను కొట్టబోతే మోచెయ్యి రేకుకు తగిలింది. రాజు సత్యమనగానే ఫెళ్ళున పిడుగు. హాలంతా పడీ పడీ నవ్వారు. రాజు మీసం ఊడింది. నేను సిగ్గుతో రేకు వెనక నక్కాను.

"మీరు నాతో 'రాజు వేషం' అన్న రోజు," అంది మా ఆవిడ, "పిడుగు పడుతుందేమోనని నేను పైకి చూశాను."

శనివారం హాలు నిండింది. నేను మూడో వరసలో, ముందాయన లావుగా ఉన్నాడని చూసుకుని ఆయన వెనక కూర్చున్నాను. తెర తిప్పారు. అమ్మడు వేదిక మీదికొచ్చింది. చేతిలో నోటుపుస్తకం.

నోరు తెరిచింది. వినబడలేదు. పెదాలు కదుల్తున్నాయి. అచ్చు నేనే. "మన వంశంలో లేదు" అని ఏ నోటితో అన్నానో ఆ నోరు కొట్టుకోవాలనిపించింది. లేచి నిలబడి "అమ్మా, వద్దులే, దిగిపో" అందామనుకున్నాను. మా ఆవిడ చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

అమ్మడు ఆగింది. తెర పక్కకెళ్ళింది. వేలాడుతున్న రేకు అంచు పట్టుకుని మెల్లగా, బొటనవేళ్ళతో వణికించింది. పొలాల అవతల ఉరిమింది. వెనక్కొచ్చి చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు గొంతుంది.

"'రాజుని నేను. మీసానికి జిగురు తక్కువైంది, తప్పు నాది కాదు.' 'రాణిని నేను. నవ్వాపుకోలేక చచ్చాను.'" అందరూ నవ్వారు. ఇంకా ఏడెనిమిది చదివింది. సున్నం ఈడ్పు దగ్గరికొచ్చి, తెర వైపు చూడకుండా నోటుపుస్తకం తిప్పింది.

"ఇక్కడ రెండు వాక్యాలు మొన్న గురువారం కనబడకుండా పోయాయి. రాతలు వెలిసిపోతున్నాయని మేం సోమవారమే అన్నీ ఎత్తి రాసుకున్నాం."

సోమవారం! నాకు బుధవారం చెప్పింది. పక్కకు చూశాను. మా ఆవిడ తెర వైపే చూస్తోంది, మ్యాపులో ఊరు వెతికినట్టు శ్రద్ధగా.

"మొదటిది. 'పిడుగు నేనే. రెండుసార్లు అనుకున్న చోట వేశాను, ఒకసారి అనుకోని చోట పడింది. క్షమించాలి.'" అమ్మడు తలెత్తి, ఆ లావాటాయన్ని దాటి, సరిగ్గా నన్ను చూసింది. "ఇది మా నాన్న."

హాలంతా చప్పట్లు. తలుపు దగ్గర తాళాలగుత్తి కూడా మోగింది.

"దాని కింద ఇంకొకటుంది. 'ఆ పిడుగుకి మబ్బు వేసింది నేను. అనుకోని చోట పడిందే బాగుంది.'" అమ్మడు పుస్తకం మూసింది. "ఇది మా అమ్మ."

నేనేం చేశానో మీకు తెలుసు. ఎవరిదో ఏమోననుకుని, ఒకే ఈడ్పుతో.

ఇంటికి నడుస్తుంటే నేనే నోరు విప్పాను. "సోమవారమే తెలుసన్నమాట మీకు."

"తెలుసు," అంది అమ్మడు. "మూడ్రోజులు టైమిద్దాం, నాన్నే చెప్తాడు అంది అమ్మ. నువ్వు సున్నం తీసుకెళ్ళావు."

"పాత చొక్కా ఇచ్చింది అందుకా?"

"మరకలు ఉతికేది నేనే కదండీ," అంది మా ఆవిడ.

నాలుగడుగులు వేశాక అమ్మడు నా చెయ్యి పట్టుకుంది. "నాన్నా, వచ్చే నెల నాటకంలో నేను రేకు తీసుకున్నాను. వేషం వద్దన్నాను. రాజు కూతురినంటే గొంతు రావట్లేదు. ఇలాగైతే వస్తోంది."

అలా నా రాజ్యం పోయింది. ఇప్పుడు మా పెరట్లో పాత ఇనుపరేకు ఒకటి వేలాడుతోంది. రోజూ సాయంత్రం దుకాణం మూసి వచ్చాక పాఠం. దూరపు ఉరుము పిల్లకు బాగానే వచ్చింది. దగ్గరి పిడుగే ఇంకా కుదరాలి. నిన్న మోకాలు ఎక్కడ ఆనించాలో చూపిస్తుంటే వంటింటి కిటికీలోంచి మా ఆవిడ తల బయట పెట్టింది.

"అనుకున్న చోట వెయ్యడం ఎవరైనా నేర్పుతారే అమ్మడూ," అంది. "అనుకోని చోట వెయ్యడం మీ నాన్న దగ్గర నేర్చుకో."

సింహాసనం కాలి కింద అట్టముక్క ఎవరో తీసేశారు. వెతకట్లేదు. వంటింటి గుమ్మంలో, గొంతు మాస్టారి పీటలాంటిదే, ఊగని మూడుకాళ్ళ పీట ఒకటుంది, అదే హాయిగా ఉంది.